రిపోర్టులన్నీ నార్మలే, మనిషే బాగాలేరు. ఇంకేం చూడాలి?

పడమటిగట్టు

నాన్నకి 72. మాది రేపల్లె దగ్గర పల్లెటూరు, నాలుగెకరాల మాగాణి. అమ్మ పోయాక ఒక్కరే అక్కడెందుకని హైదరాబాద్ తీసుకొచ్చాం, నిజాంపేటలో ఫ్లాటు, ఏడో అంతస్తు. వచ్చి ఏడాది దాటింది, మనిషి రోజురోజుకీ డల్ అయిపోతున్నారు. తిండి సగానికి సగం తగ్గింది. తెల్లవారుజామున మూడింటికే లేచి హాల్లో లైటు వేసుకోకుండా కూర్చుంటారు. ఏమైంది నాన్నా అంటే "ఒళ్ళంతా నొప్పులురా" అంటారు, ఎక్కడ అంటే చెప్పలేరు.

మాస్టర్ హెల్త్ చెకప్ చేయించాం. ఈసీజీ, టూడీ ఎకో, క్రియాటినిన్, లివర్, అన్నీ చూశారు. షుగర్‌కి పదేళ్ళుగా మాత్రలు వాడుతున్నారు, అదీ కంట్రోల్లోనే ఉంది. డాక్టర్ గారు ఫైలు తిరగేసి "పెద్దాయన ఫస్ట్‌క్లాస్‌గా ఉన్నారు, వయసు కదా" అని మల్టీవిటమిన్ రాసి పంపించేశారు.

ఇంట్లో తలా ఒకటి చెప్తున్నారు. మా ఆవిడ యోగా అంటుంది, బావగారు ఆయుర్వేదం అంటారు, చెల్లెలు డాలస్ నుంచి ఫోన్ చేసి "అది డిప్రెషన్ అన్నయ్యా, సైకియాట్రిస్టుకి చూపించు" అంటుంది. ఆ మాట నాన్న ముందు ఎత్తితే ఇల్లు పీకి పందిరేస్తారు. గుండెకొకరు, కిడ్నీకొకరు, కంటికొకరు ఉన్నారు గానీ, మనిషి మొత్తంగా బాగున్నాడా లేదా అని చూసేవాళ్ళెవరు? అసలు అలా చూడాలంటే ఏమేం చూడాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

గుంటూరు_డాక్టరమ్మ

మాస్టర్ చెకప్ అంటే ఆసుపత్రి వాళ్ళు కట్టిన ప్యాకేజీ అండి. అన్నీ నార్మల్ అంటే అందులో ఉన్నవన్నీ నార్మల్ అని, అంతే. డెబ్బై దాటినవాళ్ళకి చూడాల్సినవి చాలావరకు వాటిలో ఉండవు.

షుగర్‌కి వాడేది మెట్‌ఫార్మినేనా? ఏళ్ళ తరబడి వాడితే బీ12 పడిపోవచ్చు. పరగడుపున రోజూ గ్యాస్ మాత్ర వేసుకునే అలవాటు కూడా ఉంటే ఇంకా ఎక్కువ. బీ12 తగ్గితే నీరసం, తిమ్మిర్లు, మతిమరుపు, దిగులు, ఏదైనా రావచ్చు. థైరాయిడ్ చూశారో లేదో కూడా చూసుకోండి. వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, పక్కింటాయన ఇచ్చిన పొడులతో సహా, ఒక క్యారీబ్యాగులో వేసుకుని పట్టుకెళ్ళండి. నా దగ్గరకి వచ్చే పెద్దవాళ్ళలో ఒకే మందుని రెండు కంపెనీల పేర్లతో రెండు పూటలా మింగేవాళ్ళు కనపడుతూనే ఉంటారు.

తర్వాత చెవులు. ఇది ఎవరూ పట్టించుకోరు. సరిగ్గా వినపడనివాళ్ళు నలుగురిలో కూర్చోలేరు, అందరూ నవ్వుతుంటే ఎందుకో అర్థంకాక ఒకట్రెండుసార్లు ఊరికే నవ్వి, మూడోసారి లేచి గదిలోకి పోతారు, ఇంట్లోవాళ్ళేమో ముసలాయనకి ముభావం వచ్చిందనుకుంటారు. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో డిమెన్షియాకి, అంటే వయసుతో ముదిరే మతిమరుపు జబ్బుకి, మనం ఎంతో కొంత అడ్డుకోగలిగిన కారణాలు 14 చెప్పింది. బీపీ, షుగర్లతో పాటు వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, డిప్రెషన్, ఒంటరితనం కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి.

మీ చెల్లెలి మాటా కొట్టిపారేయొద్దు. పెద్దవాళ్ళలో డిప్రెషన్ చాలాసార్లు "మనసు బాగాలేదు" అంటూ రాదు. నొప్పులంటారు, ఆకలి లేదంటారు, తెల్లవారకముందే లేచి కూర్చుంటారు. మీరు రాసిన మూడూ అవే కదా. జీడీఎస్ అని పెద్దవాళ్ళలో డిప్రెషన్ పట్టుకోవడానికి 15 ప్రశ్నలుంటాయి, అవును, కాదు అని చెప్తే చాలు. మామూలు ఫిజీషియనే అడగొచ్చు, మొదటిరోజే సైకియాట్రిస్టు బోర్డు చూపించక్కర్లేదు.

నిమ్మకాయ_సోడా

ఏం చేసినా చేయండి గానీ "హోలిస్టిక్", అంటే మనిషిని మొత్తంగా చూస్తాం, అని బోర్డు కనపడితే మాత్రం బండి ఆపకండి బాబూ. మా కొలీగ్ వాళ్ళ నాన్నగారిని అలాంటి ఒక సెంటర్లో చేర్పిస్తే డిటాక్స్ పేరుతో షుగర్ మాత్రలు ఆపించి ఆకుకూరల రసాలు పట్టించారు, ఇంటికొచ్చేసరికి షుగర్ 400 దాటింది. శరీరం, మనసు, ఆత్మ అంటూ మొదలుపెట్టి చివర్లో స్వైపింగ్ మెషీన్ తీస్తారు.

చదువరి_మామ

సోడా గారి కోపం అర్థమైంది గానీ, ఆ ఆలోచనని సెంటర్లవాళ్ళకి రాసిచ్చేయడం ఎందుకు? అది వాళ్ళు పుట్టక ముందునుంచీ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం 1948 ఏప్రిల్ 7న అమల్లోకి వచ్చింది, అందుకే ఆ రోజున ఆరోగ్య దినం చేస్తాం. రోగం లేనంత మాత్రాన ఆరోగ్యం కాదు, శరీరం, మనసు, సంఘజీవితం మూడూ పూర్తిగా బాగుండాలి అని అందులో రాసుకున్నారు. 1977లో జార్జ్ ఎంగెల్ అనే అమెరికా డాక్టరు "సైన్స్" పత్రికలో ఇంకాస్త గట్టిగా వాదించాడు: రోగాన్ని కణాల్లో మాత్రమే వెతికితే చాలదు, ఆ రోగి మనసు, ఇల్లు, ఉద్యోగం, చుట్టూ ఉన్న మనుషులు కూడా వైద్యంలో భాగమే అని. ఆ మోడల్ మెడికల్ కాలేజీల్లో పాఠంగా చెప్తారు, ఓపీలో ఐదు నిమిషాల్లో ఎవరికి కుదురుతుంది!

మన దగ్గరికొస్తే సుశ్రుతుడు సూత్రస్థానంలో ఆరోగ్యవంతుడు ఎవరో ఒక్క శ్లోకంలో చెప్పాడు. "సమదోషః సమాగ్నిశ్చ సమధాతుమలక్రియః, ప్రసన్నాత్మేంద్రియమనాః స్వస్థ ఇత్యభిధీయతే." మొదటి సగం అంతా జీర్ణం, ధాతువులు, విసర్జన. రెండో సగం ఆత్మ, ఇంద్రియాలు, మనసు ప్రసన్నంగా ఉండటం. డాక్టరమ్మ గారు చెవుల దగ్గర ఆగారే, ఇక్కడ ఇంద్రియాలంటే అవీ ఉన్నాయి. అలాగని బావగారి మాట మీద షుగర్ మాత్రలు ఆపమని కాదు నేననేది.

నాకు నచ్చనిది ఒకటుంది. 1948 వాక్యంలో "పూర్తిగా" అని పెట్టారు. మోకాళ్ళ నొప్పులతోనే పొద్దున్నే పేపరు చదివి పక్కవాళ్ళతో రాజకీయం మాట్లాడి సాయంత్రం గుడికెళ్ళొచ్చే ఎనభై ఏళ్ళాయన ఆ లెక్కన ఎప్పటికీ ఆరోగ్యవంతుడు కాడు. 2011లో మాక్టెల్డ్ హూబర్ అనే డచ్ డాక్టరు, ఇంకొందరు కలిసి బీఎంజే అనే మెడికల్ పత్రికలో ఇదే ఎత్తిచూపారు. ఎదురైనదానికి తగ్గట్టు సర్దుకోగలగడం, తన సంగతి తాను చూసుకోగలగడం, ఆరోగ్యం అంటే అది అన్నారు. మీ నాన్నగారికి పట్టుతప్పింది అక్కడేనేమో.

పలాస_జీడితోట

అందరూ ఒక్క మనిషి లోపలే వెతుకుతున్నారు. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం రండి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, ఎటుచూసినా కొబ్బరి, జీడి, పనస, కేరళలా ఉంటుంది. గాలి శుభ్రం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒళ్ళొంచి పని, ఇంటినిండా చుట్టాలు, ఊరికో జాతర. మీ వెల్‌నెస్ పుస్తకాల ప్రకారం మేం నూరేళ్ళు బతకాలి. ఇంటికొకరు కిడ్నీ పేషెంటు. షుగర్ లేదు, బీపీ లేదు, అయినా క్రియాటినిన్ పెరుగుతుంది. నీళ్ళా, ఎండలో పనా, పురుగుమందులా, ఇంకోటా, ఎన్ని పరిశోధనలు జరిగినా ఇదీ కారణం అని తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం పెట్టారు, హిరమండలం నుంచి పైపుల్లో తాగునీళ్ళు తెచ్చారు.

డయాలసిస్ అంటే మిషను ఒక్కటే కాదు. వారానికి రెండుసార్లో మూడుసార్లో ఆ మనిషి కూలీ పోతుంది, తోడు వెళ్ళినవాళ్ళ కూలీ కూడా పోతుంది, ఆటో ఖర్చు వేరే. ఆ ఊరికి పిల్లనివ్వడానికి ఆలోచిస్తారు. ఆ ఇంట్లో ధ్యానం చేసుకో అని ఎవరితో చెప్తాం?

మర్రిగూడ_పోరడు

పలాస అన్నా, మా నల్గొండ ముచ్చట గూడ గదే. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంకరపోయినోళ్ళు ఎంతమందో. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని లెక్క, మా బోర్లల్ల దానికి ఎన్నో రెట్లు ఉండేది. పల్లు పచ్చబడ్డయని కాలేజీల నోరు మూసుకొని నవ్విన పిల్లలున్నరు, అది ఏ టెస్టుల దొరుకుతది? మిషన్ భగీరథ కింద కృష్ణ నీళ్ళు వచ్చినంక కొత్తగ పుట్టినోళ్ళు బయటపడ్డరు, నడుం వంగిపోయినోళ్ళది మాత్రం మల్ల సక్కగ కాదు. బాగుండుడు అనేది సగం మనిషిల ఉంటది, సగం నల్లాల ఉంటది.

లెస్టర్_లక్ష్మి

నేను ఇంగ్లండులో ఫిజియోథెరపిస్టుని. ఇక్కడ పడమటిగట్టు గారి నాన్నగారిలాంటివాళ్ళు జీపీ, అంటే ఏరియా ఫ్యామిలీ డాక్టర్, దగ్గరకి చాలామంది వస్తారు. 2019 నుంచి ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి గవర్నమెంటు వైద్య వ్యవస్థ) వాళ్ళు క్లినిక్కుల్లో లింక్ వర్కర్ అనే ఉద్యోగాన్ని పెద్ద ఎత్తున పెట్టారు. డాక్టరు మందులు రాసినట్టే ఆ లింక్ వర్కర్ దగ్గరకి పంపిస్తారు, వాళ్ళు కూర్చోబెట్టి తీరిగ్గా మాట్లాడి, తోటపని గ్రూపో, నడక గ్రూపో, అప్పుల గొడవుంటే సలహా ఇచ్చే ఆఫీసో, ఏది అవసరమైతే దానికి కలుపుతారు. దీన్ని సోషల్ ప్రిస్క్రైబింగ్ అంటారు. అద్భుతాలేం జరిగిపోవు, కొందరు ఒక్కసారి వెళ్ళి మానేస్తారు. కానీ "మీకేం ఇబ్బంది?" అనే బదులు "మీకు దేనిమీద ఇష్టం?" అని అడిగేసరికి మనిషి కుర్చీలో కాస్త ముందుకి జరిగి కూర్చుంటాడు, అది నేను చూస్తుంటాను.

మీ నాన్నగారు ఊళ్ళో ఉన్నప్పుడు రోజంతా ఏం చేసేవారు? అది రాయలేదు మీరు.

ఉలవపాడు_మామిడి

ఆయన ఇంకోటి కూడా రాయలేదు. పోస్టంతా రెండుసార్లు చదివాను. అమ్మ పోయాక అని రెండు మాటలు, దాని తర్వాత డైరెక్టుగా ఎకో, క్రియాటినిన్. నలభై ఏళ్ళపైన కాపురం చేసిన మనిషి పోతే ఆయన పదకొండో రోజుతో అయిపోయిందనుకోవాలా? మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఏడుస్తారు, నలుగురూ వచ్చి పట్టుకుంటారు. మగవాళ్ళకి టెంటు వేయించే పని, వచ్చినవాళ్ళకి భోజనాల పని అప్పజెప్తారు, అది అయ్యాక ఆయన్ని అడిగేవాళ్ళుండరు. తెల్లవారుజామున మూడింటికి అంటున్నారు, అమ్మ ఊళ్ళో ఎన్నింటికి లేచేవారో ఒకసారి గుర్తుచేసుకోండి.

పైన అన్నీ మగవాళ్ళ బాగోగులే మాట్లాడుతున్నారు కాబట్టి ఇంకో సంగతి. మాది నెల్లూరు జిల్లా నుంచి ఒంగోలు వైపు వచ్చిన కుటుంబం. 1992లో దూబగుంటలో రాత్రి బడికి వచ్చే ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు, వాళ్ళని నడిపించిన రోశమ్మ గారి పేరు అందరికీ తెలుసు. వాళ్ళు ఏ ఆసుపత్రికీ వెళ్ళి మాకు బాగాలేదని చెప్పలేదు. చెప్పుంటే నీరసం, తలనొప్పి, నిద్ర లేదు అని రాసుకుని బీ కాంప్లెక్స్ ఇచ్చి పంపేవాళ్ళు. రోగం సారా కొట్లో ఉంది, ఒంటిమీద దెబ్బల్లో ఉంది, ఇంటికి రాని కూలీ డబ్బుల్లో ఉంది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా బంద్ అయింది. అంతకంటే పెద్ద ఆరోగ్య కార్యక్రమం ఆ ఆడవాళ్ళకి ఇంకోటి జరిగిందా అంటే నాకు డౌటే.

పడమటిగట్టు

మామిడి గారూ, అమ్మ నాలుగింటికి లేచేది. పొయ్యి వెలిగించి నీళ్ళు పెట్టాక నాన్న లేచేవారు. మీరు అడిగేదాకా నాకు తట్టలేదు.

లక్ష్మి గారికి: పొద్దున్నే కాలవ గట్టు మీదకి వెళ్ళేవారు. మాది కాలవ చివరి భూములు, నీళ్ళు అందక ప్రతి ఏడూ గొడవలే. నాన్న చాలాకాలం నీటి సంఘంలో ఉన్నారు. ఎవరి వంతు ఎప్పుడు, తూము ఎంత ఎత్తారు, పైవాళ్ళు రాత్రిపూట అడ్డుకట్ట వేశారా, ఇవన్నీ ఆయన నోటిలెక్క. కాలవ కాపలా చూసే లష్కర్లు, పక్క ఊరి రైతులు ఇంటికొచ్చి కూర్చునేవాళ్ళు. ఇక్కడ... ఇక్కడ ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు. భోజనానికి రండి, మాత్ర వేసుకున్నారా, ఈ రెండే.

నిమ్మకాయ_సోడా

ఇదిగో అసలు రిపోర్టు ఇప్పుడొచ్చింది.

చదువరి_మామ

పడమటిగట్టు గారూ, బ్రిటన్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం అని ఒకటుంది. గవర్నమెంటు ఆఫీసుల్లో పనిచేసే మగవాళ్ళని వేలమందిని ఏళ్ళ తరబడి గమనించారు. అందరికీ పర్మనెంటు ఉద్యోగాలే, ఎవరూ పస్తులుండేవాళ్ళు కాదు. అయినా హోదా మెట్టు దిగేకొద్దీ గుండెజబ్బు చావులు పెరిగాయి. పొగ, బీపీ, కొలెస్ట్రాల్ తీసేసి లెక్కేసినా తేడా పూర్తిగా పోలేదు. తర్వాత చేసిన రెండో అధ్యయనంలో మైకేల్ మార్మట్ బృందం, చేసే పని మీద తన చేతిలో ఎంత పట్టుంది అన్నది పెద్ద సంగతి అని తేల్చింది. కాలవ మొత్తాన్ని నోటిలెక్కలో పెట్టుకున్న మనిషికి ఇప్పుడు టీవీ రిమోట్ కూడా మనవడి చేతిలో ఉంటుంది కదా.

రావిచెట్టు_నీడ

అందుకే మన పూర్వం రచ్చబండలు, ఉమ్మడి కుటుంబాలు, అన్నీ ఎంత బాగుండేవి. అపార్ట్‌మెంట్లు వచ్చి నాశనం చేశాయి. భూటాన్ చూడండి, జీడీపీ కాదు, ఆనందమే లెక్క అంటారు.

ఉలవపాడు_మామిడి

రచ్చబండ మీద ఎవరు కూర్చునేవాళ్ళండీ? మా నాయనమ్మ ఆ బండ పక్కనుంచి తల దించుకుని కొంగు కప్పుకుని నడిచేది. వాడలో మగవాళ్ళు కూడా దాని మీద కూర్చునేవాళ్ళు కాదు. ఉమ్మడి కుటుంబంలో ముప్ఫైమందికి వండినావిడ నడుము సంగతి ఎవరైనా అడిగారా?

చదువరి_మామ

భూటాన్ లెక్క తీసిపారేసేదేం కాదు. 9 విభాగాలు పెట్టుకున్నారు. ఆరోగ్యం, చదువు, ఆదాయంతో పాటు నిద్రకి, పనికి ఎంత టైము పోతోంది, ఇరుగుపొరుగుతో సంబంధాలు ఎలా ఉన్నాయి, ఇవి కూడా ఇంటింటికీ వెళ్ళి అడుగుతారు. 2008 రాజ్యాంగంలోనూ రాసుకున్నారు. మరోపక్క వాళ్ళ కుర్రాళ్ళు ఉద్యోగాల్లేక ఆస్ట్రేలియా పోతున్నారు, అదీ నిజమే. కొలిచినంత మాత్రాన వచ్చేయదు. అయినా కొలవకపోతే లోటు ఉందని కూడా తెలీదు.

గుంటూరు_డాక్టరమ్మ

చర్చ బాగుంది గానీ బీ12 చేయించారా లేదా? కాలవ గురించి చదివి అందరం కరిగిపోయి అసలు టెస్టు మర్చిపోయేట్టున్నాం. దిగులుకి కారణం దొరికిందని ఒంటిలో కారణం వెతకడం మానేస్తే అదీ తప్పే. రెండూ ఒకే మనిషిలో ఒకేసారి ఉంటాయి, నేను రోజూ చూసేది అదే.

ఇంకోటి, మాట్లాడించడానికి మనిషి కావాలంటే పెద్ద డిగ్రీలే ఉండక్కర్లేదు. జింబాబ్వేలో దేశం మొత్తానికి సైకియాట్రిస్టులు పట్టుమని ఇరవైమంది లేని రోజుల్లో డాక్టర్ డిక్సన్ చిబాండా అనే ఆయన ఊళ్ళో అమ్మమ్మలకి ట్రైనింగ్ ఇచ్చి, క్లినిక్ బయట చెట్టుకింద బెంచీల మీద కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ళ కష్టం విని, అందులో ముందు ఏది తేల్చుకోవాలో వాళ్ళచేతే తేల్పిస్తారు. 2016లో జామా అనే మెడికల్ పత్రికలో వచ్చిన ట్రయల్‌లో మామూలు వైద్యం కంటే ఆ బెంచీ దగ్గరకి వచ్చినవాళ్ళకే డిప్రెషన్ బాగా తగ్గింది. మనకి గవర్నమెంటు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ ఉంది, 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. పెద్దవాళ్ళ కోసం ఎల్డర్‌లైన్ 14567 వేరే ఉంది. ఆయన చేయకపోతే మీరు చేసి ఎలా మాట్లాడాలో అడగండి. చనిపోవాలనుంది లాంటి మాట ఎప్పుడైనా అంటే మాత్రం ఆగకండి, అదే రోజు చూపించండి.

కొత్తపేట_అల్లుడు

ప్రాక్టికల్ ఐడియా ఒకటి. నిజాంపేటలో ఎండాకాలం నీళ్ళ ట్యాంకర్లు రావా? మా అపార్ట్‌మెంట్లో రోజుకి ఎన్నొచ్చాయి, నిండుగా వచ్చాయా, వాల్వ్ ఎవరు తిప్పారు అని రోజూ తగువు. నీటి సంఘం నడిపిన పెద్దాయన కంటే ఆ పనికి ఎవరున్నారు, కమిటీలో వేయించండి సార్.

పడమటిగట్టు

అప్‌డేట్. బీ12 బాగా తక్కువ వచ్చింది, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. థైరాయిడ్ బాగానే ఉంది. గ్యాస్ మాత్ర అక్కర్లేదని తీసేశారు. చెవుల పరీక్షలో రెండువైపులా తగ్గిందన్నారు, నాన్నేమో "మీరే గొణుగుతున్నారు" అని డాక్టరుతో వాదన. ఆ 15 ప్రశ్నలు కూడా అడిగారు. బయటికి వచ్చాక "మీ జీవితం ఖాళీగా ఉందనిపిస్తోందా అని అడిగాడురా, ఉంది అన్నాను" అని చెప్పి లిఫ్టు బటన్ నొక్కారు. తక్కువ డోసులో మందు రాశారు, నిద్రకి అని చెప్పి ఇవ్వమంటారా అని డాక్టర్ గారే అడిగారు. నేను దాచొద్దన్నాను, మనసు దిగులుకే అని నాన్నకి చెప్పాం. ఇల్లు పీకి పందిరేమీ వేయలేదు.

ట్యాంకర్ల సంగతి చెప్తే "నన్ను వాచ్‌మన్ని చేస్తావా" అన్నారు, అల్లుడు గారూ సారీ. కానీ మర్నాడు కిందికి దిగి సంపు మూత తీయించి లోతు ఎంత అని అడిగారట, వాచ్‌మన్ చెప్పాడు.

జూన్ దాటాక కాలవలకి నీళ్ళు వదిలే టైముకి ఊరు తీసుకెళ్ళి నాట్లయ్యేదాకా అక్కడే ఉంచుదామనుకుంటున్నాం. పిన్ని వాళ్ళ ఇంట్లో భోజనం. మా ఆవిడకి ఇందులో ఒక భయం ఉంది, ఊళ్ళోవాళ్ళు "కోడలు చూడలేదు, పంపించేసింది" అంటారని. ఆ భయం నిజమే, దానికి నా దగ్గర మందు లేదు.

ఉలవపాడు_మామిడి

ఆ మాట ఎవరైనా అంటే మీ నాన్నగారే సమాధానం చెప్పాలి, మీరు కాదు. బయల్దేరేముందు ఆయనకి చెప్పి ఉంచండి. మీ ఆవిడని కూడా ఒక వారం ఎక్కడికైనా పంపించండి, ఏడాదిగా ఆవిడ చెకప్ ఎవరూ చేయించలేదు అనుకుంటా.

మర్రిగూడ_పోరడు

ఊరికి పంపేముందు ఆడ తాగే నీళ్ళు ఎట్లున్నయో ఒకసారి చూస్కోండ్రి అన్నా. సముద్రం దగ్గర ఊర్లల్ల ఉప్పు నీళ్ళు ఉంటయి, ఆయనకు బీపీ గిట్ల ఉంటే కష్టం.

గుంటూరు_డాక్టరమ్మ

మంచి పాయింటు. ఇంజెక్షన్ తేదీలు కాగితం మీద రాసి పిన్ని గారి ఇంట్లో గోడకి అంటించండి, ఊళ్ళో పీహెచ్‌సీలో చూపిస్తే వేస్తారేమో ముందే కనుక్కోండి. మనసు మందు మాత్రం బాగుందనిపించగానే సొంతంగా ఆపనివ్వకండి. చెవి మిషను సంగతేమైంది?

పడమటిగట్టు

రెండు చెవులకీ కావాలన్నారు మేడమ్, ముందు కొన్నాళ్ళు ట్రయల్ ఇస్తామన్నారు. నాన్న బేరం ఆడి ఒకటి చాలన్నారు, కుడిచెవికి. కాలవ గట్టు మీద నడిచేటప్పుడు మనుషులు అటువైపే ఉంటారట.

గుంటూరు_డాక్టరమ్మ

వెళ్ళేటప్పుడు కుడివైపు ఉన్నవాళ్ళు వచ్చేటప్పుడు ఎడమవైపు ఉంటారని చెప్పండి. రెండూ పెట్టించండి.